నావూనా, మార్టిన్స్ కోవా: రిటైరైన జంట సేవకు ఏది మేలు?

మోర్మన్లుగా పేరుపడ్డ యేసు క్రీస్తు కడవరి-దిన పరిశుద్ధుల సంఘంలో రిటైరైన దంపతులు మిషన్ సేవకు సొంత ఖర్చుతో వెళ్తారు. గడువు 6 నుంచి 23 నెలలు. అద్దె, తిండి, పెట్రోలు, ఆరోగ్య బీమా అన్నీ వాళ్ల జేబులోంచే. కుర్ర మిషనరీల్లా ఇంటింటికీ తిరగనక్కర్లేదు. చారిత్రక స్థలంలో చేయాలనుకునేవాళ్ల కోసం అమెరికాలోని రెంటిని పక్కపక్కన పెడుతున్నాం: ఇల్లినాయ్‌లో మిసిసిపీ ఒడ్డునున్న నావూ, వయోమింగ్‌లోని మార్టిన్స్ కోవ్.

నావూలో పని ఎక్కువగా నోటితోనే. 1839లో వెలసి, 1846లో సంఘస్థులు ఖాళీ చేసి వెళ్లిన ఊరది. కొలిమి, బేకరీ, అచ్చాఫీసు, చెప్పుల దుకాణం నేడు చూడొచ్చు. ఆడవాళ్లు ఆనాటి పొడుగు గౌన్లు వేసుకోవాల్సి రావచ్చు. జులై ఉక్కపోతలో అదొక పరీక్షే. వచ్చిన ప్రతి గుంపుకూ అదే కథను అప్పుడే గుర్తొచ్చినట్టు చెప్పాలి.

చేతిపనులూ ఉంటాయి. కొవ్వొత్తులనే తీసుకోండి. మైనం మరీ వేడిగా ఉంటే ముంచినప్పుడల్లా కిందటి పొర కరిగి, ఎన్నిసార్లు ముంచినా వత్తి లావెక్కదు. చల్లబడితే గడ్డలు కడుతుంది. ముంచి తీశాక పొర గట్టిపడేదాకా ఆగాలి, పిల్లలేమో ఆగరు. అందుకే వాళ్లను వరుసగా కుండ చుట్టూ తిప్పాలి; ఒక చుట్టు తిరిగొచ్చేసరికి పొర ఆరుతుంది. తాడు పేనేటప్పుడు బిగువు సడలితే పురి మెలికపడుతుంది కాబట్టి, కొస పట్టుకునే పని పిల్లలకు కాక బరువున్న పెద్దమనిషికి అప్పగించాలి.

మార్టిన్స్ కోవ్‌లో మాటలు తక్కువ, ఒళ్లు వంచడం ఎక్కువ. సామాను చేతిబళ్లలో లాక్కుంటూ యూటాకు వలస వెళ్తున్న సంఘస్థుల బృందం 1856 నవంబరులో మంచులో చిక్కుకుని తలదాచుకున్న కొండ మలుపది. వేసవిలో యువజన బృందాలు వచ్చి ఆ దారిలో చేతిబళ్లు లాగుతాయి. బళ్లు సరిచూడటం, దారి చూపడం, నడవలేనివాళ్లను వాహనంలో తీసుకెళ్లడం, మరుగుదొడ్లు కడగడం, అన్నీ మిషనరీల పనే. పొడిగాలికి కర్ర చక్రం కుంచించుకుపోయి ఆకులు వదులవుతాయి. ఇరుసు దగ్గర పట్టుకుని కదిపి చూడందే బండిని వదలకూడదు. 1856లో పచ్చి కర్రతో చేసిన బళ్లను దెబ్బతీసిందీ ఈ పొడిదనమే.

బస ట్రెయిలర్లలో, చాలామంది సొంతవే తెచ్చుకుంటారు. గాలి ఏ పూటైనా విరుచుకుపడుతుంది, ట్రెయిలర్ పందిరి గుడ్డ రాత్రి విప్పి ఉంచితే పొద్దుటికి చిరుగుతుంది. దాదాపు 1,800 మీటర్ల ఎత్తు కాబట్టి మొదట్లో ఆయాసం సహజం. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగాలి. సరుకులకు వెళ్లాల్సిన క్యాస్పర్ నగరం 90 కిలోమీటర్లు. ఉప్పు మరిచిపోతే ఆ వారం చప్పిడే. నావూ నుంచైతే ఫోర్ట్ మాడిసన్, కియోకక్ పట్టణాలు రెండూ ఇరవై కిలోమీటర్లు అటూ ఇటూ.

మోకాళ్ల నొప్పులుంటే నావూయే మేలంటారు గానీ అది సగమే నిజం. నడిచే మోకాలికంటే గంటల తరబడి కదలకుండా నిలబడే మోకాలే ముందు వాస్తుంది. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్నవాళ్లు మాత్రం ఆ ఎత్తు జోలికి పోవద్దు. జనంలో కలుపుగోలుగా ఉండే జంటకు నావూ; పదిమంది ముందు నోరు పెగలని, రెంచీ పడితే వదలని మనిషికి కోవ్. ఇద్దరిదీ చెరో స్వభావమైతే నావూకే మా ఓటు, అక్కడ తెర వెనక పనీ దొరుకుతుంది.

దరఖాస్తులో ఇష్టం రాయొచ్చు, తుది నిర్ణయం సంఘానిది. పిలుపు ఉత్తరం చేతికొచ్చేదాకా ట్రెయిలర్ కొనొద్దు.