చేతుల మీద తెల్ల కాగితం: మా తమ్ముడికి మందు మాన్పించిన కర్నూలు ఆసుపత్రి

మా తమ్ముడు కర్నూలు మార్కెట్ యార్డులో ఒక మండీలో గుమాస్తా. ఉల్లిగడ్డల సీజన్ వస్తే తెల్లారకముందే కాటా దగ్గర నిలబడి చీటీలు రాయాలి. నిరుడు షావుకారు నన్ను పిలిపించి వాడు రాసిన చీటీలు నా ముందు పెట్టాడు. 4 ఏదో 9 ఏదో తెలియడం లేదు, అంకెలన్నీ వంకర్లు. పొద్దున్నే ఒక క్వార్టర్ పడితే గానీ వాడి చెయ్యి పెన్ను పట్టలేకపోతోందని నాకు ఆ రోజే తెలిసింది.

ఈ రివ్యూ కొత్త బస్టాండు వైపు ఉన్న ఒక చిన్న మానసిక వైద్యుల ఆసుపత్రి గురించి. పేరు రాస్తే మా వాడి సంగతి యార్డంతా తెలుస్తుంది కాబట్టి రాయడం లేదు. నిజంగా అవసరమైనవాళ్ళు అడిగితే విడిగా చెప్తాను.

ముందు మేం చేసిన తప్పు చెప్పాలి. పక్క జిల్లాలో ఒక సెంటరు, పది రోజుల్లో మాన్పిస్తామన్నారు, నమ్మి పంపించాం. ఫోన్ లాక్కుని, గదిలో పెట్టి తాళం వేసి, మందు ఒక్కసారిగా ఆపేశారు. అక్కడ డాక్టరే లేడు. రెండో రోజు సాయంత్రం ఫిట్స్ వచ్చి పడిపోతే, వచ్చి తీసుకుపొమ్మని ఫోన్ చేశారు. నుదుటి మీద కుట్లు, కాలి చీలమండ దగ్గర గొలుసు ఒరుసుకున్న పుండు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మనిషిని గొలుసులతో కట్టడం నిషేధమని, తాగుడు వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఆ చట్టం కిందికే వస్తాయని అప్పుడు నాకు తెలియదు. ఇంటికి వచ్చిన మూడో రోజే మళ్ళీ తాగాడు. మా మరదలు రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఈ ఆసుపత్రికి భయపడుతూనే వెళ్ళాం. డాక్టరు వాడిని అడిగిన మొదటి మాట, "ఆఖరిసారి ఎన్ని గంటలకు తాగినావు నాయనా?" అని. ఎందుకు తాగుతున్నావు అని కాదు, పిల్లలు గుర్తుకు రాలేదా అని కాదు. వాడు తలెత్తి టైము చెప్పాడు. తర్వాత రెండు చేతులూ ముందుకు చాపి వేళ్ళు విడదీయమని, వాటి మీద ఒక తెల్ల కాగితం పెట్టాడు. కాగితం చివర్లు టపటపా కొట్టుకున్నాయి. ఫ్యాను ఆపించి మళ్ళీ పెట్టాడు. అప్పుడూ అంతే. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

డాక్టరు వాడికి అర్థమయ్యేలా కాటాతోనే చెప్పాడు. మందు మెదడును నెమ్మది చేస్తుంది. అది రోజూ పడుతుంటే మెదడు రెండో పళ్ళెంలో తన బరువు వేసుకుని ముల్లును సరిచేసుకుంటుంది. మందును ఒక్కసారిగా తీసేస్తే ఆ రెండో పళ్ళెం ధబ్బున పడుతుంది. కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి తప్పి లేనివి కనిపిస్తాయి. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారట, వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఆ సెంటరులో మా వాడు బతికి బయటపడడం అదృష్టమే అనుకున్నాను.

గ్లూకోజు పెట్టేముందు థయమిన్, అంటే బి1 విటమిన్, ఇంజెక్షన్ చేశారు. రోజూ తాగేవాళ్ళ ఒంట్లో అది అడుగంటి ఉంటుందని, అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉందని సిస్టర్ చెప్పింది. లివర్ పరీక్షలో తేడా వచ్చింది కాబట్టి, వణుకునూ ఫిట్స్‌నూ అదుపు చేసే మాత్రల్లో లోరాజిపామ్ ఎంచుకుని, రోజురోజుకూ తగ్గిస్తూ ఎనిమిదో రోజుకు ఆపేశారు.

రెండో రాత్రి మా వాడు గోడ వైపు చూస్తూ, "చీమలక్కా, చీమలు, దులుపు" అని మంచం మీద లేచి కూర్చున్నాడు. గోడ మీద ఏమీ లేదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. సిస్టర్ లైటు ఆర్పనివ్వలేదు. వచ్చినప్పుడల్లా నాడి, జ్వరం చూసి, "ఇది ఆసుపత్రి, ఈ రోజు మంగళవారం, మీ అక్క పక్కనే ఉంది" అని అదే మాట అదే నెమ్మదితో చెప్పింది. విసుక్కోలేదు, కట్టేయలేదు. తెల్లారేసరికి వాడు టీ అడిగాడు. నేను ఈ ఆసుపత్రికి మార్కులు వేస్తున్నది ఆ రాత్రికే.

అలవాటుకూ బానిసత్వానికీ తేడా కూడా అక్కడే తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పాత పట్టిక ఐసీడీ-10లో ఆరు గుర్తులు ఉన్నాయట: తాగాలని ఆగని కోరిక, మొదలుపెడితే హద్దు లేకపోవడం, మానితే వణుకు, అదే కిక్కుకు రానురానూ ఎక్కువ తాగాల్సి రావడం, మిగతా పనులు వదిలేయడం, చెడుపు తెలిసీ తాగడం. ఒక ఏడాదిలో వీటిలో మూడు కనిపించినా జబ్బే. మా మరదలు వేళ్ళు ముడుస్తూ ఐదు లెక్కపెట్టింది. ఇన్నేళ్ళూ వాడికి సిగ్గు లేదని తిట్టినదాన్ని నేను. ఆ తిట్లు వెనక్కి తీసుకోవాలనిపించింది.

ఇంకో సంగతి దాచను. ఎవరో ఇచ్చిన పొట్లం పొడి వాడికి తెలియకుండా పప్పులో కలిపి పెట్టాం. డాక్టరుకు చెప్పేశాను. అలాంటి పొడుల్లో డైసల్ఫిరామ్ ఉండొచ్చని, అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడ వచ్చి, బీపీ పడిపోతుందని, అది మనిషికి చెప్పి, అతను ఒప్పుకున్నాకే ఇవ్వాల్సిన మాత్ర అని చెప్పాడు. మా వాడి లివర్‌కు అది పడదని, కోరిక తగ్గడానికి అకాంప్రోసేట్ రాశాడు. రోజుకు మూడు పూటలా వేసుకోవాలి.

లోపాలూ ఉన్నాయి. ఇంటివాళ్ళ మీటింగు వారంలో ఒక్క బుధవారం, అదీ పదకొండింటికి. కూలికి వెళ్ళేవాళ్ళు ఎలా వస్తారు? కౌన్సెలింగ్ గది తలుపు సరిగా మూతపడదు, లోపలి మాటలు బెంచీ మీదికి వినిపిస్తాయి. ఈ జబ్బుకు అది చిన్న విషయం కాదు. ఇంటికి పంపాక వాళ్ళంతట వాళ్ళు ఒక్క ఫోన్ చేయలేదు. పన్నెండు రోజులకు మాకు 31 వేలు అయింది. చెవి కమ్మలు కుదువపెట్టాను. భోజనం పర్వాలేదు.

ఏడో వారంలో స్నేహితుడి పెళ్ళిలో మళ్ళీ తాగాడు. వాడే ఫోన్ చేసి, "తాగినానక్కా" అన్నాడు. మర్నాడు తీసుకెళ్తే డాక్టరు కసరలేదు. ఆ సాయంత్రం ఎవరితో ఉన్నాడు, అన్నం తిన్నాడా, మధ్యాహ్నం మాత్ర వేసుకున్నాడా అని ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నాడు. ఇప్పటికి మూడు నెలలు. 2019 నాటి కేంద్ర ప్రభుత్వ సర్వేలో మందుకు బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందిందని ఉంది. యార్డులో మా వాడి పక్కన నిలబడేవాళ్ళను చూసినప్పుడల్లా నాకు ఆ అంకె గుర్తొస్తోంది.

5కి 4 ఇస్తున్నాను. వెళ్ళేవాళ్ళు తొమ్మిదిలోపు వెళ్తే టోకెన్ తొందరగా దొరుకుతుంది. ఆఖరిసారి తాగిన టైము, రోజుకు ఎంత తాగుతాడో, ఇదివరకు ఫిట్స్ వచ్చాయా, ఏ మాత్రలు వాడుతున్నాడో ఒక కాగితం మీద రాసుకెళ్ళండి. ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషికి ఇంట్లో మీరే మందు ఒక్కసారిగా ఆపించకండి. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. ఒంటి మీద చీమలని దులుపుకుంటున్నా, ఫిట్స్ వచ్చినా మాత్రం ఫోన్లు చేస్తూ కూర్చోకుండా 108 పిలవండి.