ఆసుపత్రి మానసిక విభాగమా, యువత సహాయ కేంద్రమా?

మానసిక రుగ్మతల్లో దాదాపు సగం 14 ఏళ్లలోపే, నాలుగింట మూడు వంతులు 24 ఏళ్లలోపే మొదలవుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. అయినా చాలా దేశాల్లో ఆసుపత్రి సేవలు సరిగ్గా 18వ ఏట పిల్లల విభాగం, పెద్దల విభాగం అని విడిపోతాయి కాబట్టి, అప్పటిదాకా చూసిన వైద్యుణ్ణి వదిలి, కొత్తవారికి మొదటి నుంచీ అంతా చెప్పుకోవలసిన ఆ దశలోనే చికిత్స మానేసేవారు ఎక్కువ. ఆస్ట్రేలియాలో 2006లో ఏర్పడిన హెడ్‌స్పేస్ అనే యువత మానసిక సహాయ కేంద్రాలు 12 నుంచి 25 ఏళ్లవారిని ఒకేచోట చూస్తాయి.

లోపలికి అడుగుపెట్టడంలోనూ తేడా ఉంది. ఆసుపత్రిలో సాధారణంగా సిఫారసు లేఖ, తోడుగా పెద్దలు, తర్వాత నిరీక్షణ. కేంద్రంలో మాత్రం పదహారేళ్ల పిల్ల క్లాసు అయ్యాక వచ్చి "నిద్ర పట్టడం లేదు" అన్నా సరిపోతుంది. ఆ వెంటనే వచ్చే ప్రశ్న, "ఇది మా అమ్మకు చెబుతారా?" ప్రాణాపాయం ఉంటే తప్ప చెప్పబోమని మొదటి నిమిషంలోనే స్పష్టం చేయడం, నా దృష్టిలో, గోడల రంగుల కన్నా ఎంతో ముఖ్యం. (రంగులకే ఎక్కువ ఖర్చు పెట్టే కేంద్రాలూ లేకపోలేదు.)

భ్రమలు, తీవ్రమైన ఆహార రుగ్మతలు, ఆత్మహత్యాయత్నం వంటి స్థితుల్లో మాత్రం మందులు, పడక, రాత్రివేళ వైద్యుడు ఉన్న ఆసుపత్రికి సాటి లేదు. తొలి ఆశ్రయంగా నేను కేంద్రాన్నే ఎంచుకుంటాను. అయితే అక్కడి సలహాదారు ఫోన్ చేసిన రోజే ఆసుపత్రి ఆ రోగిని చేర్చుకునే ఏర్పాటు ఉండి తీరాలి.