సన్-3కి ఫైళ్లు పంపడానికి ఏది మేలు: ఎక్స్‌మోడెమా, జెడ్‌మోడెమా, కెర్మిటా?

సన్ కంపెనీవారి పాత సన్-3/60 వర్క్‌స్టేషన్ ఒకటి సంపాదించారు. దాని ఆపరేటింగ్ సిస్టమ్ సన్‌ఓఎస్ 4 బూట్ అవుతోంది. సీరియల్ కేబుల్ వేస్తే లాప్‌టాప్‌లో లాగిన్ ప్రాంప్ట్ కూడా వస్తోంది. మరి ఫైళ్లు పంపేదెలా? ఈథర్నెట్ పనిచేస్తుంటే ఈ గొడవంతా అక్కర్లేదు, ఎఫ్‌టీపీ వాడుకోండి. అది లేనివాళ్లకే ఈ లెక్కలు. పైన చెప్పిన మూడూ సీరియల్ లైను మీద ఫైళ్లు పంపే పద్ధతులు (ప్రోటోకాల్స్).

ఎక్స్‌మోడెమ్‌ని వార్డ్ క్రిస్టెన్‌సన్ 1977లో రాశారు. 128 బైట్ల ముక్క పంపి, అందిందని జవాబొచ్చాకే ఇంకోటి పంపుతుంది. ఫైలు పేరూ చెప్పదు, సైజూ చెప్పదు. చివరి ముక్క నిండకపోతే చెత్త బైట్లతో నింపేస్తుంది. ఇవన్నీ సర్దుకుపోవచ్చు. అసలు తలనొప్పి ఎక్సాన్/ఎక్సాఫ్ ఫ్లో కంట్రోల్‌తో. అంటే 'ఆగు' (ఎక్సాఫ్), 'మళ్లీ పంపు' (ఎక్సాన్) అని చెప్పే కోడ్‌లు డేటా వెళ్లే లైను మీదే వెళ్తాయి. ప్రతి ముక్క ముందూ దాని నంబరు ఒక బైట్‌గా వెళ్తుంది. 17వ ముక్క నంబరూ, ఎక్సాన్ కోడూ ఒకటే. దారిలో ఎవరైనా ఆ కోడ్ కోసం కాచుకుని ఉంటే దాన్ని మింగేస్తారు. ముక్కలో ఒక బైట్ తగ్గుతుంది, ఎన్నిసార్లు తిరిగి పంపినా అదే కథ. మామూలు టెక్స్ట్ ఫైలు కూడా సరిగ్గా 2,048 బైట్ల దగ్గర ఆగిపోతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

జెడ్‌మోడెమ్ 1986 నాటిది, చక్ ఫోర్స్‌బర్గ్ రాసింది. జవాబు కోసం ఆగకుండా పంపుతూ పోతుంది, 32 బిట్ల సీఆర్‌సీతో (డేటా నుంచి లెక్కగట్టిన తనిఖీ అంకెతో) తప్పులు పట్టుకుంటుంది, మధ్యలో తెగితే ఆగినచోటి నుంచే మళ్లీ మొదలెడుతుంది. డేటాలో ఎక్సాన్, ఎక్సాఫ్ కోడ్‌లు వస్తే వాటిని వేరే బైట్లుగా మార్చి మారువేషంలో పంపుతుంది కాబట్టి పై గొడవ లేదు. లైను బాగుంటే వేగంలో దీన్ని మించింది లేదు. కాకపోతే అవతలి యంత్రం తట్టుకోవాలి. సన్-3లోని జైలాగ్ 8530 సీరియల్ చిప్ వచ్చే బైట్లలో మూడింటినే దాచుకోగలదు. స్పీడు పెంచి, కేబుల్లో 'ఆగు' అని చెప్పే తీగలు లేకుండా మూడే తీగలు వేసి వదిలేస్తే బైట్లు జారిపోతాయి, వెనక్కెళ్లి మళ్లీ పంపడంతోనే సరిపోతుంది.

కెర్మిట్ 1981లో కొలంబియా విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఫ్రాంక్ డా క్రూజ్, బిల్ క్యాచింగ్స్ దీన్ని తయారుచేసింది మైక్రోకంప్యూటర్లనీ మెయిన్‌ఫ్రేములనీ కలపడానికి. ఏడు బిట్లే మోసే లైన్లు, కంట్రోల్ కోడ్ (అక్షరం కాకుండా ఆదేశంలా పనిచేసే బైట్) కనిపిస్తే ఏదో ఒకటి చేసేసే పరికరాలు వాళ్లకి రోజూ ఎదురయ్యేవే. అందుకే ఇది లైను చెడ్డదే అనుకుని మొదలవుతుంది. కంట్రోల్-ఎ పంపాలంటే '#' గుర్తు, దాని వెంట మామూలు 'ఎ' అక్షరం పంపుతుంది.

నెమ్మది అనే చెడ్డపేరు దీనికి ఉంది, పూర్తిగా అబద్ధమూ కాదు. మొదట్లో ప్యాకెట్ (ఒకసారి పంపే ముక్క) వంద అక్షరాల లోపే. ప్యాకెట్ పొడవు 1,000కి పెంచి, రెండువైపులా సీ-కెర్మిట్ (కెర్మిట్ పద్ధతిలో పనిచేసే ప్రోగ్రాం) ఉంటే విండో, అంటే జవాబు కోసం ఆగకుండా పంపే ప్యాకెట్ల సంఖ్య, నాలుగు పెట్టండి, వేగం చాలావరకు పుంజుకుంటుంది. కంప్రెస్ చేసిన ఫైళ్లకి మాత్రం ఆ '#' గుర్తుల వల్ల దాదాపు నాలుగో వంతు బరువు పెరుగుతుంది. 9600 బాడ్ (సీరియల్ లైను వేగం) మీద ఒక మెగాబైట్‌కి ఎలాగూ 18 నిమిషాలు పడుతుంది, కెర్మిట్‌తో అది 22, 23 అవుతుంది. ఆ నాలుగైదు నిమిషాల కోసం నేను టెన్షన్ పడను.

నా ఓటు కెర్మిట్‌కే. లాప్‌టాప్‌లో సీ-కెర్మిట్ పెడితే టెర్మినలూ అదే, ఫైళ్లు పంపేదీ అదే. మినీకామ్ అనే టెర్మినల్ ప్రోగ్రాం అయితే జెడ్‌మోడెమ్ కోసం వేరే ప్రోగ్రాంని పిలవాలి.

మరి సన్ వైపు మొదటి ప్రోగ్రాం ఎలా చేరుతుంది? దానికి జీ-కెర్మిట్ అనే బుల్లి ప్రోగ్రాం ఉంది. సోర్స్ మొత్తం మామూలు టెక్స్ట్, సన్‌ఓఎస్‌తో వచ్చే పాతకాలం సీ కంపైలర్‌కి కూడా మింగుడుపడుతుంది. సన్‌లో 'క్యాట్' ఆదేశంతో ఒక ఫైలు తెరిచి, లాప్‌టాప్‌లోని సీ-కెర్మిట్ ట్రాన్స్‌మిట్ ఆదేశంతో దాన్ని టైపు చేసినట్టు పంపండి. తప్పులు పట్టేవాళ్లు లేరు కాబట్టి రెండుచోట్లా 'సమ్' (ఫైలుకి తనిఖీ అంకె చెప్పే ఆదేశం) నడిపి అంకెలు సరిపోయాయో లేదో చూసుకోండి. యునిక్స్‌లోని రెండు రకాలైన బీఎస్‌డీ, సిస్టమ్ ఫైవ్‌లలో బీఎస్‌డీ సమ్ వేరు, సిస్టమ్ ఫైవ్ సమ్ వేరు. రెండువైపులా ఒకే రకం వాడకపోతే మంచి ఫైలు కూడా చెడిపోయినట్టే కనిపిస్తుంది.

పెద్ద ఫైళ్లు తరచూ పంపేవాళ్లు, హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ తీగలున్న కేబుల్ వేసుకున్నవాళ్లు ఆ తర్వాత జెడ్‌మోడెమ్ సోర్స్‌ని కూడా కెర్మిట్‌తోనే సన్‌కి పంపి కంపైల్ చేసుకోవచ్చు.