చల్లారిన కప్పు: ఎంట్రోపీతో కొలవాలా, ఎక్సర్జీతోనా?

గది 30 డిగ్రీలు. ఎలక్ట్రిక్ కెటిల్‌లో 200 మిల్లీలీటర్ల నీళ్లు 90 డిగ్రీలకు కాచి, కప్పులో పోసి మరిచిపోయాం. కాసేపటికి అవీ 30కి దిగాయి. గదిలోకి పోయిన ఆ వేడి తనంతట తాను కప్పులోకి తిరిగి రాదు. ఈ ‘తిరిగి రాకపోవడం’ ఎంత?

1865లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త క్లాసియస్ పేరు పెట్టిన ఎంట్రోపీతో, అంటే శక్తి ఎంతగా చెదిరిపోయిందో చెప్పే కొలతతో లెక్కిద్దాం. నీళ్లు కెల్విన్‌కు 151.2 జౌళ్లు పోగొట్టుకున్నాయి, గదికి 165.7 చేరాయి. కొత్తగా పుట్టిన తేడా, కెల్విన్‌కు 14.5 జౌళ్లే ఆ కొలత.

ఎక్సర్జీ అడిగేది ఇంకొకటి: గదితో సమతాస్థితికి వచ్చేలోపు ఆ కప్పు నుంచి గరిష్ఠంగా ఎంత పని రాబట్టగలం? బయటికి పోయిన వేడి 50.2 కిలోజౌళ్లు. అందులో పని చేయించుకోగలిగింది 4.4 మాత్రమే. పుట్టిన ఎంట్రోపీని గది ఉష్ణోగ్రతతో, అంటే 303 కెల్విన్‌తో గుణించినా ఇదే 4.4 వస్తుంది. గూయీ, స్టోడోలా అనే శాస్త్రవేత్తలు చూపిన సంబంధం ఇది.

అలాగని రెండూ ఒకటే అనుకోకూడదు. అవే నీళ్లు మంచి ఫ్లాస్కులో ఉంటే ఎక్సర్జీ 4.4 దగ్గరే ఉంటుంది, ఎంట్రోపీ పుట్టుక దాదాపు సున్నా. సమతాస్థితికి ఎంత దూరంలో ఉన్నామో ఎక్సర్జీ చెబుతుంది. ఆ దూరాన్ని ఎంత వృథాగా కరిగించుకున్నామో ఎంట్రోపీ పుట్టుక చెబుతుంది. ఒక కొస పొయ్యిలో, మరో కొస నీళ్లలో ఉన్న ఇనుప కడ్డీని చూడండి. కొంతసేపటికి దాని స్థితి మారడం ఆగిపోతుంది, దూరం స్థిరపడుతుంది. ఎంట్రోపీ మాత్రం క్షణక్షణం పుడుతూనే ఉంటుంది.

నన్ను ఎక్కువగా కదిలించేది కెటిల్ లెక్క. కరెంటు మొత్తం నీళ్లలోకే వెళ్లింది కాబట్టి నష్టమేమీ లేదనిపిస్తుంది. కానీ కరెంటంటే పూర్తిగా పనిగా మార్చుకోగలిగిన శక్తి. 50.2 కిలోజౌళ్ల కరెంటు పోసి 4.4 ఎక్సర్జీ ఉన్న నీళ్లు తెచ్చుకున్నాం. మిగతా 45.8 కాచేటప్పుడే పోయింది. చల్లారినప్పుడు పోయినదానికి ఇది పదింతలకు పైనే! ఇంట్లో, ఫ్యాక్టరీలో వృథా ఎక్కడో పట్టుకోవాలంటే నా ఓటు ఎక్సర్జీకే. ఎందుకంటే అది పని భాషలో, కిలోజౌళ్లలో మాట్లాడుతుంది.

దానికీ ఓ లోపముంది. చలికాలం తెల్లవారుజామున లంబసింగిలో 5 డిగ్రీలుంటే, అదే కప్పు ఎక్సర్జీ 9 కిలోజౌళ్లు దాటుతుంది. నీళ్లు మారలేదు, పరిసరాలు మారాయి. అందుకే పరిసరాలు ఏవో తేల్చుకోకుండా ఎక్సర్జీ అంకె చెబితే నేను నమ్మను. ఎంట్రోపీ పుట్టుకకు ఇలాంటి ఆధారం అక్కర్లేదు.

ఒక్క అణువు దగ్గరికి వస్తే రెండింటినీ మామూలుగా వాడలేం. అక్కడ ఎంట్రోపీ ఒక్కోసారి తగ్గుతుంది కూడా. 1999లో శాస్త్రవేత్త క్రూక్స్ ఇచ్చిన సూత్రం ప్రకారం ప్రయోగాన్ని ముందుకూ వెనక్కూ చాలాసార్లు నడిపి, ఎంత పని ఎన్నిసార్లు పట్టిందో ఒక్కో దిశకూ ఒక వంపుగా గీసి పోల్చాలి. 2005లో లేజరు కాంతితో పట్టుకున్న ఆర్‌ఎన్‌ఏను లాగి విప్పుతూ, మళ్లీ ముడుచుకోనిస్తూ దీన్ని పరీక్షించారు. రెండు వంపులు ఎంత ఎడంగా ఉంటే వెనక్కి తిప్పలేనితనం అంత ఎక్కువ. అవి ఒకదాన్నొకటి దాటే చోటే స్వేచ్ఛాశక్తి (స్థిర ఉష్ణోగ్రత దగ్గర పనిగా మార్చుకోగలిగిన శక్తి) తేడా దొరుకుతుంది.