హెచ్‌ఐవీ మందులు వాడేవారి ఎముకలకు ఏది మేలు: చోడి (రాగి) అంబలా, కాల్షియం మాత్రా?

ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే) మందులు మొదలుపెట్టిన తొలి ఒకటి రెండేళ్లలో ఎముకల సాంద్రత 2 నుంచి 6 శాతం దాకా తగ్గుతుంది. తర్వాత చాలామందిలో నిలకడపడుతుంది. వైరస్ ప్రభావం కొంత, టెనోఫోవిర్ అనే హెచ్‌ఐవీ మందు ప్రభావం కొంత. ప్రభుత్వ కేంద్రాల్లో ఇచ్చే టీఎల్‌డీ మాత్రలో ఆ మందు ఉంది. అలాగని మాత్ర మానేస్తే అసలుకే మోసం. ఎముకలు పలచబడతాయన్న మాట చెవిన పడగానే కాల్షియం డబ్బా కొనేసేవారున్నారు. నా ఓటు మాత్రం ముందు అంబలికే.

పాడేరు, అరకు వైపు పండే చోళ్లు విశాఖలో సులువుగా దొరుకుతాయి. 100 గ్రాముల పిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పెద్దలకు రోజుకు కావలసింది 1000 మిల్లీగ్రాములు. కాబట్టి అంబలి ఒక్కటే చాలదు, పెరుగు తోడవ్వాలి. పిండిని రాత్రంతా పులియబెట్టి కాస్తే కాల్షియం ఒంటికి మరింత బాగా పడుతుంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర అమ్మే ఎండు నెత్తళ్లను ముల్లుతో సహా తింటే ఇంకా మంచిది. రక్తపోటు ఉన్నవారు మాత్రం నీళ్లలో నానబెట్టి, ఉప్పు పోయేలా కడిగి వండుకోవాలి.

తిండి సరిపోనివారికి, ముట్లు ఆగిన స్త్రీలకు డాక్టరు కాల్షియం మాత్ర రాయవచ్చు. చిక్కు అక్కడే ఉంది. టీఎల్‌డీలోని మరో మందు డోలుటెగ్రావిర్‌ను కాల్షియం పేగులోనే పట్టేస్తుంది. పరగడుపున రెండూ కలిపి వేసుకుంటే హెచ్‌ఐవీ మందు రక్తంలోకి సరిగా చేరదు. రెండింటినీ భోజనంతో కలిపి వేసుకోవచ్చు. లేదంటే కాల్షియానికి 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో టీఎల్‌డీ వేసుకోవాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నంతో కాల్షియం, రాత్రి 9కి టీఎల్‌డీ అనుకుంటే గడియారం చూసుకునే పని తప్పుతుంది. ఐరన్ మాత్రకూ ఇదే లెక్క. మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న గ్యాస్ మందులనైతే భోజనంతో కలిపి వేసుకున్నా లాభం లేదు, ఆ గంటల ఎడం పాటించాల్సిందే.

విటమిన్ డి విషయంలో అంబలిదీ, ఒట్టి కాల్షియం మాత్రదీ ఒకటే చేతకానితనం. ఇంత ఎండ కాసే ఊళ్లోనూ నీడపట్టున పనిచేసేవారికి అది తక్కువ కావచ్చు, పరీక్ష చేయించుకోవడం నయం.

గజ్జల్లో నొప్పి, నడిస్తే కుంటు ఉంటే ఈ పోటీయే అనవసరం. తుంటి ఎముక తలకు రక్తం అందకపోవడం హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఎక్కువ. స్టెరాయిడ్లు, మద్యం ఆ ముప్పును పెంచుతాయి. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు, ఎంఆర్‌ఐలో బయటపడుతుంది. టెనోఫోవిర్ వాడుతూ నొప్పి బిళ్లలు నెలల తరబడి మింగితే మూత్రపిండాలకు చేటు. ఎముకల డాక్టరు దగ్గర ఏఆర్‌టీ సంగతి దాచకూడదు. ముఖ్యంగా రిటోనావిర్ అనే మరో హెచ్‌ఐవీ మందు వాడేవారు కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకునే ముందే చెప్పాలి. ఆ మందు ఉండగా కొన్ని స్టెరాయిడ్లు ఒంట్లో పేరుకుపోతాయి.