పాత వీసీఆర్‌తో ఆరేళ్లు: కొనాలనుకునేవాళ్లు ఒకసారి చదవండి

ముందే చెప్పేస్తున్నా, బొమ్మ బాగుంటుందని ఆశపడి ఎవరూ వీసీఆర్ (వీడియో క్యాసెట్లు ఆడించే మిషన్) కొనకండి. బాగుండదు. వీహెచ్ఎస్ అంటే ఇళ్లలో వాడిన మామూలు వీడియో క్యాసెట్ రకం, ఆ టేపు మీద అడ్డంగా పట్టే వివరం సుమారు 240 గీతలే, అదీ టేపు కొత్తగా ఉన్నప్పటి మాట. అయినా ఆరేళ్ల క్రితం నేనొక సెకండ్ హ్యాండ్ వీసీఆర్ కొన్నాను, దాంతోపాటు ఒకప్పుడు వీడియో లైబ్రరీలో అద్దెకు తిరిగిన క్యాసెట్లు ఒక అట్టపెట్టె నిండా తెచ్చుకున్నాను, ఇవాళ్టికీ వారానికి కనీసం ఒక రాత్రి అది తిరుగుతూనే ఉంది. ఈ మధ్య తెలిసినవాళ్లు "చిన్నప్పటి జ్ఞాపకం కదా, నేనూ ఒకటి తీసుకుంటా, ఎలాంటిది తీసుకోమంటావ్" అని తరచూ అడుగుతున్నారు. అందుకే ఏం పాడైంది, ఏం బాగు చేసుకున్నాను, ఎక్కడ చేతులు కాలాయి, అన్నీ ఒకచోట రాస్తున్నా.

కొన్న రోజు సంగతి. అమ్మినతను "కండిషన్‌లో ఉంది" అన్నాడు. అతని లెక్కలో కండిషన్ అంటే ప్లగ్ పెడితే లైటు వెలగడం అని ఇంటికొచ్చాక తెలిసింది. క్యాసెట్ పెట్టగానే లోపలికి లాక్కుంది, గర్రుమంది, ఆగిపోయింది, ఇక బయటికి రాదు. మూత విప్పి చూస్తే లోపల రబ్బరు బెల్టు ఒకటి తారులా కరిగి పుల్లీకి అంటుకుపోయి ఉంది. ఆ తారు వేళ్లకు అంటితే మూడు రోజులు పోలేదు. కొత్త బెల్టు వేశాక, పించ్ రోలర్ తుడిచాక, క్యాసెట్ మళ్లీ నడిచింది. పించ్ రోలర్ అంటే టేపును ఒక సన్నటి ఇనప కడ్డీకి అదిమిపెట్టి సమానంగా లాగే రబ్బరు చక్రం. అది గట్టిపడి నున్నగా అయిపోతే టేపు జారుతుంది, ముడతలు పడుతుంది, చివరికి "మిషన్ క్యాసెట్ నమిలేసింది" అని మన చిన్నప్పుడు ఏడ్చిన ఏడుపు మళ్లీ మొదలు.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, కొత్త వీసీఆర్ అనేది ఇప్పుడు ఎక్కడా తయారవడం లేదు. చివరిదాకా చేసిన కంపెనీ జపాన్‌లోని ఫునాయ్, వాళ్లు 2016 జులైలో ఆపేశారు. జేవీసీ వాళ్లు మొదటి వీహెచ్ఎస్ మిషన్ అమ్మింది 1976లో, అంటే నలభై ఏళ్ల కథ. కాబట్టి మీకు దొరికేది ఒకరు వాడి అమ్మినదో, లేకపోతే ఎవరూ వాడకుండా అట్టపెట్టెలోనే ముసలిదైపోయినదో. ఈ రెండింట్లో ఏది మేలు అంటే నూటికి తొంభై మంది రెండోదే అంటారు. నేనూ అలాగే అనుకున్నా. రెండేళ్లు పోయాక నా మిషన్ మోడలే ఒకటి, పెట్టె కూడా సరిగా తెరవనిది, రిమోట్ మీద ప్లాస్టిక్ కవరు కూడా ఊడనిది కనపడితే ఎగిరి గంతేసి కొన్నా. ప్లగ్ పెట్టా. లైటు కూడా వెలగలేదు. పవర్ సప్లైలో కెపాసిటర్లు (కరెంటు నిలవుంచే చిన్న భాగాలు) ఎండిపోయాయి, ఒకటి రెండు కారాయి కూడా, బెల్టులు మొదటిదానికంటే అన్యాయం. ఒక్క సినిమా కూడా ఆడకుండానే చచ్చిపోయింది పాపం. రోజూ తిరిగిన మిషనేమో కొద్దిపాటి సేవతో లేచి కూర్చుంది. వాడకపోతే భద్రంగా ఉంటుంది అన్న నమ్మకం నాకు ఆ రోజే పోయింది, రబ్బరుకీ కెపాసిటర్‌కీ మనం వాడామో లేదో పట్టదు, ఏళ్లు మాత్రమే పడతాయి.

మూత తీసి ఉంచి ఒక క్యాసెట్ ఆడించి చూడటం నా వరకు ఇందులో అన్నిటికంటే గొప్ప సరదా (పవర్ సప్లై ఉన్న వైపు మాత్రం చెయ్యి పెట్టొద్దు, ప్లగ్ తీశాక కూడా అక్కడ కొంతసేపు కరెంటు నిలవుంటుంది). క్యాసెట్ కిందికి దిగుతుంది, దాని ముందు తలుపు పైకి లేస్తుంది, రెండు చిన్న స్తంభాలు టేపును బయటికి లాగి, కాస్త వాలుగా నిలబెట్టిన ఒక మెరిసే డ్రమ్ చుట్టూ సగం దాకా చుడతాయి. టేపు నడిచేది నత్తనడక, మన దేశంలో వాడిన పాల్ అనే టీవీ పద్ధతిలో సెకనుకు రెండు సెంటీమీటర్ల మీద కొంచెం. డ్రమ్ మాత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. దాని అంచున ఉన్న హెడ్‌లు టేపు మీద ఏటవాలు గీతలు చదువుకుంటూ పోతాయి, ఒక్కో గీత టీవీ మీద ఒక్కో ఫీల్డ్, అంటే సగం ఫ్రేము. మూడు గంటల క్యాసెట్‌లో ఉండేది పావు కిలోమీటరు టేపు. చిన్నప్పుడు ఆ నల్ల టేపును వెలుతురుకు పెట్టి సినిమా రీలులాగా బొమ్మలు కనపడతాయేమో అని వెతికినవాణ్ణి, ఇన్నేళ్లకు ఇది చూస్తే కడుపు నిండింది.

హెడ్ క్లీనింగ్ గురించి అందరూ తలోమాట చెబుతారు. నేను చెవుల్లో పెట్టుకునే దూది పుల్లతో మొదలుపెట్టి ఒక దూది పోగు హెడ్‌కి చిక్కించుకున్నా, టీవీ నిండా చీమలే, గుండె ఆగినంత పనైంది. ఆ పోగు తీయడానికి గంట పట్టింది. మెత్తటి తోలు అంటించిన పుల్లలు దొరుకుతాయి, లేదంటే దళసరి తెల్ల కాగితం ముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి డ్రమ్‌కి ఆనించి, డ్రమ్‌నే పై నుంచి వేలితో మెల్లగా తిప్పాలి. పైకీ కిందికీ మాత్రం రుద్దొద్దు. హెడ్ వెంట్రుకంత సున్నితం, విరిగిందంటే మళ్లీ అతికేది కాదు.

దీనికంటే పెద్ద శత్రువు ఫంగస్. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లగా బూజులా కనపడుతుంది. అది చూసీ "ఏముందిలే" అని ఒకసారి ఆడించాను. ఆ తెల్ల పొడి హెడ్‌లకు పట్టి, తర్వాత పెట్టిన నాలుగు మంచి క్యాసెట్లకు అంటుకుంది. ఇప్పుడు కొత్తగా వచ్చిన ఏ క్యాసెట్ అయినా టార్చి వేసి చూశాకే లోపలికి వెళ్తుంది. చాలా ఏళ్లు కదలకుండా ఉన్నదైతే ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, అప్పుడే ప్లే నొక్కుతా. పెట్టడం కూడా పుస్తకంలా నిలబెట్టి పెట్టాలి, పడుకోబెడితే టేపు చుట్ట ఒకవైపుకి జారి అంచులు నలుగుతాయి.

ఇక అద్దె క్యాసెట్లు. కలెక్టర్లు వీటిని చిన్నచూపు చూస్తారు, స్టిక్కర్లు ఉంటాయని, అట్ట మీద మార్కర్ గీతలు ఉంటాయని. నాకు నచ్చేవే అవి. ఒక టేపును పాజ్ చేసినప్పుడు టేపు ఆగుతుంది గానీ డ్రమ్ ఆగదు, హెడ్‌లు అదే చోట గీకుతూనే ఉంటాయి. అందుకే చాలా మిషన్లు ఐదు నిమిషాలైతే వాటంతట అవే పాజ్ వదిలేస్తాయి. ఇప్పుడు వందసార్లు అద్దెకు తిరిగిన ఒక యాక్షన్ సినిమా పెట్టండి, మొదటి గంట చక్కగా ఉంటుంది, ఒక ఫైటు దగ్గరికి వచ్చేసరికి తెల్ల చుక్కలు, గీతలు, సౌండు ఊగడం. ముక్కూమొహం తెలియని జనం ఎంతమంది అక్కడ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూశారో ఆ అరుగుడు చెబుతుంది. నా దగ్గరున్న ఒకదానిలో అయితే హీరో దూకే సీను దాదాపు కనపడదు. అందరూ దాన్నే చూసి చూసి చెరిపేశారు. ఇంకొక దానికి మళ్లీ రికార్డ్ కాకుండా ఉండటానికి విరిచేసిన వెనక గడి మీద ఎవరో సెల్లోటేపు అంటించి, సినిమా అయిపోయాక మిగిలిన టేపులో టీవీలో వచ్చిన వాతావరణ వార్తలు ఏడు నిమిషాలు రికార్డ్ చేసుకున్నారు. ఎందుకు చేసుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు, సినిమా కంటే ఎక్కువసార్లు చూశాను దాన్ని.

అద్దె షాపుల మీద మాత్రం నాకు అంత బెంగ లేదు. అట్ట మీద బొమ్మ చూసి మోసపోవడం, కావలసింది "బయటికెళ్లింది, రేపు రండి" అనిపించుకోవడం, ముందు చూసినవాడు రివైండ్ చేయకుండా ఇస్తే క్లైమాక్స్‌తో సినిమా మొదలవడం, ఒకరోజు ఆలస్యమైతే ఇంట్లో తిట్లు, ఇవన్నీ తలుచుకోవడానికే బాగుంటాయి. 1985లో అమెరికాలోని డాలస్‌లో ఒక్క షాపుతో మొదలై, 2004 నాటికి తొమ్మిది వేలకు పైగా షాపులు నడిపిన బ్లాక్‌బస్టర్ అంతటి కంపెనీయే 2010లో దివాలా తీసింది. జనం ఊరికే అద్దె షాపులు వదిలి పోలేదు.

కొత్త టీవీకి కలపాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు పెట్టుకునే చోటు చాలా టీవీలకు అసలు లేదు, కన్వర్టర్ కావాలి. పెట్టినా, టేపు సిగ్నల్ కాస్త వణికితే చాలు "నో సిగ్నల్" అని నీలం తెర వేసేస్తుంది, ఫాస్ట్ ఫార్వర్డ్‌లో బొమ్మ చూడటం మర్చిపోండి. పైగా చదరపు బొమ్మను వెడల్పుకి సాగదీస్తుంది, అందరూ లావుగా కనపడతారు, ఆ సెట్టింగు మార్చుకోవాలి. నేను విసిగిపోయి 14 అంగుళాల పాత ట్యూబ్ టీవీ ఒకటి తెచ్చా. తేడా చెప్తే నమ్మరు. ఆ చిన్న తెర మీద అదే క్యాసెట్ మెత్తగా, నిండుగా, మనకు గుర్తున్నట్టే ఉంటుంది. బరువు మాత్రం నడుం విరిగేలా ఉంది.

ఇంట్లో రికార్డ్ చేసిన క్యాసెట్లు ఉన్నవాళ్లు మిగతావన్నీ పక్కన పెట్టి ముందు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించండి. సినిమా మళ్లీ దొరుకుతుంది, అవి దొరకవు. మా ఇంట్లో మిగిలింది ఒక్కటే, టీవీలో వచ్చిన ఒక సినిమా. మా నాన్న ప్రకటనలు రాగానే పాజ్ నొక్కి, సినిమా మొదలవగానే వదలాలని రాత్రంతా రిమోట్ పట్టుకుని కూర్చున్నారు, ప్రతిసారీ మూడు సెకన్లు ఆలస్యం. కాబట్టి ఆ టేపులో ప్రతి ప్రకటనకీ మొదటి ముక్క ఉంటుంది, ప్రతి సీనుకీ మొదటి డైలాగు ఉండదు. చిన్నప్పుడు ఈ విషయంలో ఆయన్ని తెగ ఏడిపించేవాళ్లం. ఇప్పుడు కంప్యూటర్‌లో ఆ మూడు సెకన్లు కత్తిరించడం నిమిషం పని. కత్తిరించలేదు.

వీసీఆర్ పిచ్చితో ఆగలేదు లెండి, మిగతావీ చేరాయి. 1989 నాటి మొదటి మోడల్ గేమ్ బాయ్ (చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్ మిషన్) ఉంది, నాలుగు పెన్సిల్ సెల్స్, ఆకుపచ్చ తెర, వెనక లైటు లేదు, అయినా రాయిలా పనిచేస్తోంది. వచ్చిన చిక్కల్లా దాని గేమ్ క్యాసెట్లతో. ఆటను సేవ్ చేసే రకాల్లో చాలావాటికి లోపల ఒక బిళ్ల బ్యాటరీ ఉంటుంది, అది అయిపోతే మీ సేవ్ కూడా పోతుంది. ఆ బిళ్లను టంకం వేసి బిగిస్తారు కాబట్టి మార్చాలంటే సోల్డరింగ్ రావాలి. సీల్ తీయని గేమ్ అని మురిసిపోతూ దాచుకున్నవాళ్ల క్యాసెట్‌లో కూడా ఆ బ్యాటరీ లోపల అరుగుతూనే ఉంటుంది. వ్యూ మాస్టర్ మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. కళ్లకు పెట్టుకుని బొమ్మలు చూసే ఆటవస్తువు అది, 1939 నుంచి వస్తోంది, ఒక్కో చక్రంలో 14 చిన్న ఫిల్ములు, రెండేసి కలిసి ఏడు త్రీడీ బొమ్మలు. కొడాక్రోమ్ ఫిల్ము మీద వేసిన పాత చక్రాలు నిన్న తీసినట్టు రంగులతో ఉన్నాయి, వాటికంటే తర్వాత వచ్చిన చౌక ఫిల్మువి కొన్ని ఎర్రగా మాగిపోయాయి. పాతదంటే పాడైంది, కొత్తదంటే బాగుంది అనే లెక్క ఇక్కడా తప్పింది. మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలు ఇంకో రకం తలనొప్పి, పీవీసీని మెత్తబరచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్లు గడిచాక బయటికి ఊరి బంకబంకగా అవుతుంది. గాలాడని డబ్బాలో దాచినవి నాకు ఎక్కువ బంకగా దొరికాయి.

ఎవరు కొనొచ్చు? స్క్రూడ్రైవర్ పట్టుకోవడం ఇష్టమైతే కొనండి. సినిమా చూడటమే ముఖ్యమైతే వద్దు. కొనేటప్పుడు మీ క్యాసెట్ ఒకటి వెంట తీసుకెళ్లి ప్లే, రివైండ్, ఎజెక్ట్ మూడూ చేయించి చూడండి, అమ్మేవాడు సణిగినా సరే. విదేశీ క్యాసెట్లు కొనేముందు అవి పాల్ రకమో ఎన్‌టీఎస్‌సీ రకమో (అమెరికా, జపాన్‌లలో వాడిన టీవీ పద్ధతి) కనుక్కోండి, మీ మిషన్‌కి రెండోది తెలియకపోతే బొమ్మ సరిగా నిలవదు. షోకేసులో పెట్టడానికే అయితే మిషన్ ఎందుకు, ఖాళీ క్యాసెట్ అట్టలు చాలు.

నా మార్కులు ఐదుకి మూడున్నర. అర మార్కు ఆ తారు బెల్టుకి కోసేశా, మిగతా ఒకటి సౌండుకి, కొన్ని టేపుల్లో మాటల కంటే ఈల శబ్దం ఎక్కువ.

అన్నట్టు ఆ రెండో మిషన్, పెట్టె తెరవనిది. కెపాసిటర్లు, బెల్టులు మార్చించా, పోయిన నెల లేచింది. దాని డ్రమ్ ఒక్క టేపు కూడా రుద్దుకోని కొత్తది, నా పాతదాని హెడ్‌లేమో చివరికొచ్చాయి, ట్రాకింగ్ (హెడ్‌లను టేపు గీతలకు సరిచేసేది) ఎంత తిప్పినా తెర కింద ఒక గీత పోవడం లేదు. రెండూ ఒకే మోడల్ కాబట్టి కొత్త డ్రమ్ తీసి పాతదానికి వేయొచ్చు, లేదా కొత్తదాన్నే వాడుకుని పాతదాన్ని విడిభాగాలకు ఉంచొచ్చు. రెండోదే తెలివైన పని అని నాకూ తెలుసు. రెండు మిషన్లూ మూతలు తీసి బల్ల మీద పక్కపక్కనే పెట్టి మూడు వారాలైంది, రాత్రయితే మళ్లీ ఆ గీత ఉన్నదానికే వైర్లు పెట్టి చూస్తున్నా.