నుంగంబాక్కం హోటల్లో మా అమ్మని పలకరించే తీరు

గదులు మామూలుగా ఉంటాయి. లిఫ్ట్ చిన్నది. వైఫై సాయంత్రం అయ్యేసరికి మొండికేస్తుంది. ఇవన్నీ బుకింగ్ సైట్లలో ఫొటోలతో సహా ఉన్నాయి కాబట్టి వదిలేస్తున్నా. కొన్నేళ్ళుగా చెన్నై వచ్చినప్పుడల్లా మేం ఈ హోటల్లోనే దిగుతున్నామంటే దానికి ఒక్కటే కారణం. ఇక్కడి వాళ్ళు మా అమ్మతో మాట్లాడతారు. ఆవిడ గురించి నాతో మాట్లాడడం కాదు, నేరుగా ఆవిడతోనే.

అమ్మకి షుగర్ వల్ల రెటీనా దెబ్బతింది. కంట్లో ఇంజెక్షన్ల కోసం నెల్లూరు నుంచి వస్తుంటాం. మా వైపు కంటి జబ్బంటే ముందు గుర్తొచ్చేది నుంగంబాక్కం కాలేజీ రోడ్డు. 1978లో మొదలైన శంకర నేత్రాలయ ఉన్నది అక్కడే. చుట్టుపక్కల లాడ్జీల్లో, మందుల షాపుల్లో తెలుగు బాగానే వినిపిస్తుంది. భాష ఇబ్బంది పెద్దగా ఉండదు. ఇబ్బంది వేరే చోట ఉంది.

పరీక్షకి ముందు కంటిపాప పెద్దదవడానికి చుక్కల మందు వేస్తారు. దాని ప్రభావం తగ్గడానికి నాలుగైదు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అప్పటిదాకా వెలుతురు కళ్ళలో పొడుస్తుంది, దగ్గర పెట్టినా అక్షరం కనపడదు. అసలే చూపు తక్కువైన అమ్మకి ఆ పూట ఎదుటి మనిషి ముఖం తెలీదు. ఎవరు వచ్చారో, ఏ పని మీద వచ్చారో, మంచిగా వచ్చారో విసుగ్గా వచ్చారో అన్నీ గొంతుని బట్టే. అందుకే పిలిచే తీరు మా ఇంట్లో ఇంత పెద్ద విషయం అయింది.

అంతకుముందు దిగిన ఇంకో హోటల్ దీనికంటే చాలా పెద్దది, ఖరీదైనది. అక్కడ అతిథిని పేరు పెట్టి పిలవాలని నేర్పుతారు కాబోలు, ఇరవయ్యేళ్ళ కుర్రాడు డెబ్బై దాటిన మనిషిని ఉత్త పేరుతో పిలిచాడు. అదీ సరైన పేరు కాదు. మనకి ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, అసలు పేరు తర్వాత. తమిళుల్లో చాలామందికి ఇంటిపేరే ఉండదు, తండ్రి పేరు ఇనీషియల్‌గా ఉంటుంది. హోటల్ కంప్యూటర్లో మాత్రం అందరికీ ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని అవే రెండు గళ్ళు. మా ఇంటిపేరు ఫస్ట్ నేమ్ గడిలో పడింది. ఉన్న రెండు రోజులూ అమ్మని మా ఇంటిపేరుతో, ఏదో చంటిపిల్లని పిలిచినట్టు పిలిచారు. "నన్నేనా?" అని అమ్మ ప్రతిసారీ నన్ను అడిగేది. మిగతా ప్రశ్నలన్నీ నాకే. ఆవిడకి కారం పడుతుందా, ఆవిడకి ఏసీ ఎక్కువైందా. ఆవిడ పక్కనే కూర్చుని ఉంది.

ఈ హోటల్లో సాయంత్రం షిఫ్టులో రిసెప్షన్ దగ్గర ఒక పెద్దాయన ఉంటాడు. తమిళాయన, తెలుగు తడుముకుంటూ మాట్లాడతాడు. మేం మొదటిసారి లోపలికి వచ్చినప్పుడు అమ్మ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నా భుజం పట్టుకుని నడుస్తోంది. ఆయన కౌంటర్ దాటి బయటికి వచ్చి, ఓ రెండడుగుల దూరంలో ఆగి, "అమ్మా, నమస్కారమండి. నేను రిసెప్షన్. మీ కుడిపక్క సోఫా ఉంది, కూర్చోండి" అన్నాడు. చెయ్యి పట్టుకుని లాగలేదు, గట్టిగా అరవలేదు. చూపు తగ్గిన వాళ్ళకి చెవులు కూడా వినపడవని ఎందుకనుకుంటారో తెలీదు గానీ, చాలామంది అమ్మ దగ్గరికి రాగానే గొంతు పెంచుతారు. ఈయన పెంచలేదు. ఆధార్ కార్డు అడిగింది కూడా ఆవిడనే. అమ్మ తన సంచిలోంచి తనే తీసి ఇచ్చింది.

గదికి వచ్చే కుర్రాళ్ళదీ ఇదే పద్ధతి. తలుపు కొట్టి, "రూమ్ బాయ్‌ని అమ్మా, కాఫీ తెచ్చా" అని చెప్పి, అమ్మ రమ్మన్నాకే లోపలికొస్తారు. ఫ్లాస్కు ఎక్కడ పెట్టారో, గ్లాసు ఏ చేతి వైపు ఉందో చెప్పి, వెళ్ళేటప్పుడు "వెళ్తున్నానమ్మా" అంటారు. ఈ చివరి మాట విలువ చూపున్న వాళ్ళకి తెలీదు. మనిషి వెళ్ళిపోయాడో ఇంకా గదిలోనే ఉన్నాడో తెలియక అమ్మ గాలితో మాట్లాడిన సందర్భాలు వేరే చోట్ల నేను చూశాను.

తమిళ కుర్రాళ్ళకి "వాంగ" (రండి), "ఉక్కారుంగ" (కూర్చోండి) అనే అలవాటు ఎలాగూ ఉంది కాబట్టి తెలుగులో "అండి" తేలిగ్గానే పట్టుబడుతుంది. ఒడిశా నుంచి కొత్తగా చేరిన ఒకబ్బాయికి మాత్రం ఎవరో సగం తెలుగు నేర్పినట్టున్నారు, "తిను", "కూర్చో" అనేవాడు. అతనికి పాపం ఆ రెండు ముక్కలే వచ్చు. అమ్మ తప్పు పట్టలేదు. పెద్దాయన మాత్రం అతన్ని పక్కకి తీసుకెళ్ళి మాట్లాడాడు. మర్నాడు పొద్దున ఇడ్లీతో వచ్చి "తినండమ్మా" అన్నాడు. ఇలా కూర్చోబెట్టి నేర్పే మనిషి హోటల్లో ఉండడం నాకు అన్నిటికంటే నచ్చింది.

పోయినేడాది గదులు బాగుచేయించి రంగులేశారు. ఆ పనిలో ఇంటర్‌కమ్ ఫోన్లు తీసేశారు. వాటి బదులు టేబుల్ మీద క్యూఆర్ కోడ్ ఉన్న చిన్న అట్ట. స్కాన్ చేస్తే వాట్సాప్ వస్తుంది, కావలసినవి అందులో టైప్ చేయాలి. నేను దాన్ని చూశాను గానీ ఆ క్షణంలో నా ధ్యాసంతా అమ్మ నొప్పి మీదే ఉంది. ఇంజెక్షన్ అయిన సాయంత్రం, చుక్కల మందు కొనడానికి మందుల షాపుకి వెళ్ళా. క్యూ పెద్దగా ఉంది.

ఆ లోపు ఏసీ కారడం మొదలైంది. కాలికి తడి తగిలి అమ్మ మంచం మీదే ఆగిపోయింది. అది మంచి పని. నున్నటి టైల్స్ మీద నీళ్ళు, ఆవిడకి కనపడవు. మంచం పక్కన ఎప్పుడూ ఉండే ఫోన్ కోసం తడిమితే అట్ట చేతికి తగిలింది. గోడ పట్టుకుని మెల్లగా తలుపు దాకా వెళ్ళి, తెరిచి, "ఎవరన్నా ఉన్నారా నాయనా" అని పిలిచింది. కారిడార్లో కొత్త సూపర్‌వైజర్ ఉన్నాడు. కోడ్ స్కాన్ చేయండి మేడం అన్నాడు. నాకు కనపడదు అని అమ్మ చెప్పింది. సరే, రిజిస్టర్లో ఉన్న నంబర్‌కి మెసేజ్ పెడతానన్నాడు. నా ఫోన్ మోగింది. ప్రియమైన అతిథీ, మీ గదిలో సమస్య ఏమిటో తెలపగలరు అని ఇంగ్లీషులో ఉంది. షాపు ముందు నిలబడి అది చదువుతుంటే గుండె దడదడలాడింది. మందు వదిలేసి పరుగెత్తా.

నేను వచ్చేసరికి ఆ అంతస్తు ఊడ్చే ఆవిడ అమ్మని కారిడార్లో కుర్చీలో కూర్చోబెట్టి, నేల మీద టవళ్ళు పరుస్తోంది. ఎవరూ చెప్పకుండానే వచ్చిందట. అమ్మకి కోపం నీళ్ళ గురించి కాదు. "నా ఎదురుగా నిలబడి నన్నడక్కుండా నీకు మెసేజ్ పెట్టాడే" అంది. ఆ మాట ఆ రాత్రంతా అంటూనే ఉంది.

మేనేజర్‌ని కలిసి గట్టిగానే మాట్లాడాను. ఫిర్యాదుల పుస్తకంలో రాశాను. ఆయన సాకులు చెప్పలేదు, అమ్మ దగ్గరికి వచ్చి ఆవిడకే క్షమాపణ చెప్పాడు. తర్వాత వెళ్ళేసరికి కింది అంతస్తు గదుల్లో కొన్నింటికి ఇంటర్‌కమ్ తిరిగొచ్చింది. అన్ని గదులకీ రాలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. మాకు అంత మర్యాద ఇచ్చే ఈ హోటల్లో, టవళ్ళు పరిచిన ఆవిడని మాత్రం "ఏయ్, ఇంగ వా" (ఏయ్, ఇలా రా) అంటారు. కుర్రాళ్ళూ అంటారు, సూపర్‌వైజరూ అంటాడు. నేను మెచ్చుకున్న ఆ పెద్దాయన కూడా ఆవిడతో ఏకవచనంలోనే మాట్లాడతాడు. ఆవిడ వయసు యాభై పైనే ఉంటుంది. ఇది ముందు పట్టుకుంది అమ్మే, ఆవిడకి అన్నీ చెవులే కాబట్టి. అమ్మ ఆవిడని "మీరు" అనే అంటుంది, వచ్చీరాని తమిళంలో "వాంగమ్మా" అంటుంది. వాళ్ళు నేర్చుకున్నది గది అద్దె కట్టేవాళ్ళతో ఎలా మాట్లాడాలో మాత్రమేనా అని అప్పటినుంచి నాకు అనిపిస్తూనే ఉంది. ఈ సంగతి కూడా మేనేజర్‌తో అన్నాను. తలూపాడు. మారినట్టు ఇంకా వినపడలేదు.

అయినా మేం ఇక్కడికే వెళ్తున్నాం. చూపు తగ్గిన మనిషిని వెంటబెట్టుకుని కాలేజీ రోడ్డు దగ్గర ఉండాల్సిన వాళ్ళకి నాకు తెలిసినంతలో ఇదే నయం. చక్రాల కుర్చీ అవసరమైతే ఆలోచించుకోండి, గుమ్మం దగ్గర ర్యాంప్ మరీ నిటారుగా ఉంది. ఆఫీసు పని మీద ఒంటరిగా వచ్చేవాళ్ళకి నేను చెప్పినవేవీ అక్కర్లేదు, ఇదే డబ్బుకి టి.నగర్‌లో ఇంతకన్నా మంచి వైఫై దొరుకుతుంది. 7,500 లోపు గదులకి జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది గానీ, రంగులేశాక ఇక్కడ అద్దె పెంచారు కాబట్టి మాకు పెద్దగా మిగల్లేదు.

వెళ్ళేవాళ్ళు యాప్‌లో బుక్ చేసి వదిలేయకండి. సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చేస్తే ఆ పెద్దాయన ఎత్తుతాడు. ఇంటర్‌కమ్ ఉన్న కింది అంతస్తు గది కావాలని, వచ్చేవాళ్ళకి చూపు తక్కువని ముందే చెప్పండి. ఆయనకి వారంలో ఒకరోజు సెలవు, ఆ రోజు డ్యూటీలో ఉండేవాళ్ళు మర్యాదగానే ఉంటారు గానీ అన్నీ మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాలి.